వీబ్రెన్ కెమెరా కొన్న ఏడాది

ఈస్టెర్‌సిల్ ఊళ్లో కాలువ మీది వంతెనను ఇరవై ఆరేళ్లుగా ఎత్తుతూ దించుతూ ఉన్నవాడు వీబ్రెన్. పడవ కూత వేస్తుంది. ఇతను రోడ్డుకి ఎర్రదీపం పెట్టి, గేట్లు దించి, మీట నొక్కుతాడు. వంతెన లేస్తుంది, పడవ పోతుంది, వంతెన దిగుతుంది. ఉద్యోగమంటే అంతే. కానీ ఒక పడవకీ ఇంకో పడవకీ మధ్య చాలా ఖాళీ ఉంటుంది. తన కొంప ముంచింది ఆ ఖాళీయేనని వీబ్రెన్ ఇప్పుడు ఒప్పుకుంటాడు. "చేతినిండా పని ఉన్నవాడు ఎనిమిది నెలలు కెమెరాల గురించి చదవడు. నాలాంటివాడే చదువుతాడు," అంటాడు.

జనవరిలో ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఆ వంతెనను నలభై కిలోమీటర్ల అవతల ఒక గదిలో కూర్చుని, తెర మీద చూస్తూ ఎత్తుతారట. వీబ్రెన్‌కి ఉద్యోగం పోదు, ఆ గదిలో ఒక కుర్చీ ఇస్తారు. అతనికి యాభై ఏడేళ్లు. పెద్దగా బాధపడలేదనే చెప్పుకున్నాడు. కానీ ఆ సాయంత్రం బఠానీ సూపు తాగుతూ భార్యతో, "ఇదే ఆఖరి సీజను కదా. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నా వంతెన కింద నుంచి పోయే ప్రతి పడవకీ ఒక ఫోటో తీద్దామనుకుంటున్నా. పడవ వాళ్లతో సహా," అన్నాడు.

భార్య ఆఫ్కె పక్క ఊళ్లో పిల్లలకి ఈత నేర్పుతుంది. నీళ్లలో భయపడేవాళ్లతో వేగి వేగి ఆమెకి ఏ విషయమైనా రెండు ముక్కల్లో తేల్చడం అలవాటు.

"బాగుంది. ఫోన్‌తో తియ్యి," అంది.

"ఫోన్‌తోనా?" అన్నాడు వీబ్రెన్.

ఆ ఒక్క మాట మింగేసి ఉంటే ఈ కథ లేదు.

మర్నాటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. వంతెన కేబిన్‌లో కాఫీ ఫ్లాస్కు పక్కన గళ్ల నోటుపుస్తకం ఒకటి చేరింది. వారం తిరక్కుండానే తనకి కావలసింది ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా అని తేల్చుకున్నాడు. అంటే లోపలి సెన్సర్ పాత రోజుల ఫిల్మ్ ముక్క అంత పెద్దదిగా ఉండాలి, పాత కెమెరాల్లోలాగా ఎగిరిపడే అద్దం ఉండకూడదు. ఎందుకు అంతది కావాలని ఎవరైనా అడిగితే, "వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టేవాడు. వంతెన ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకానే పనిచేస్తుంది. వేసవిలో అక్కడ వెలుతురుకి ఏ లోటూ లేదు. ఆ సంగతి నోటుపుస్తకంలో ఏ గడిలోనూ లేదు.

తన తాహతుకి తగ్గవి, మొదటిసారి కొనేవాళ్ల కోసమని చెప్పేవి, మూడు మిగిలాయి. ఒకటి అన్నిటికంటే చిన్నది, తేలికది, చవకది, కాకపోతే చేతి వణుకుని సర్దే ఏర్పాటు లోపల లేదు. రెండోది నాలుగేళ్ల కిందటిది, ధర దిగింది, అన్నీ ఉన్నాయి, ఇటుక బరువు. మూడోది పాతకాలపు చక్రాలతో చూడముచ్చటగా ఉంటుంది, పట్టుకుంటే జారుతుంది. ఆఫ్కె వాటికి బక్కది, లావుది, సోకులది అని పేర్లు పెట్టింది. రోజూ భోజనాల దగ్గర, "ఇవాళ ఎవరితో పెళ్లిచూపులు?" అని అడిగేది. బక్కదాన్ని చూసిన మొదటి రోజే జాబితాలోంచి కొట్టేశానని వీబ్రెన్ గర్వంగా చెప్పాడు.

"ఎందుకు?"

"చెయ్యి వణికితే ఫోటో చెదురుతుంది."

"నీ చెయ్యి వణుకుతుందా?"

వీబ్రెన్ చెయ్యి చాపి చూసుకున్నాడు. వణకలేదు. "ముందు ముందు వణకొచ్చు," అన్నాడు.

ఇక వీడియోలు. స్వీడన్‌లో ఒక గడ్డపాయన లావుది కొనమని ఇరవై నిమిషాలు చెప్పేవాడు. ఆరు వారాల తర్వాత అదే గడ్డపాయన అదే కుర్చీలో కూర్చుని, లావుది కొని తానెలా పొరపాటు చేశాడో నలభై నిమిషాలు చెప్పేవాడు. వీబ్రెన్ రెండూ పూర్తిగా చూసి, రెండింటికీ తలూపి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పేవాడు. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ల మాటే నిజమనిపించే జబ్బు తనకి చిన్నప్పటి నుంచీ ఉందని అతనికి అప్పుడే తెలిసొచ్చింది. మార్చి నెల కొత్త మోడల్ ఏదో వస్తుందన్న పుకారుతో గడిచిపోయింది. అది రాలేదు.

ఏప్రిల్ ఒకటిన సీజను మొదలైంది. మొదటి పడవ కూత వేసినప్పుడు వీబ్రెన్ మెడలో రెండు చేతులున్న గుడ్డసంచీ వేలాడుతోంది. అందులో కిలో రెండొందల గ్రాముల బంగాళాదుంపలున్నాయి. లావుదీ దాని లెన్సూ కలిపితే అంత బరువు. రోజంతా మొయ్యగలడో లేదో చూద్దామని వంటింటి త్రాసులో తూచి మరీ తెచ్చుకున్నాడు.

ఆ పడవ గేస్కెది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పాత సరుకు పడవనే ఇల్లు చేసుకుని, మొగుడు పోయాక కూడా కుక్కతో అందులోనే ఉంటోంది. గురువారం గురువారం వంతెన దాటి పట్నంలో సంతకి పోతుంది, శుక్రవారం తిరిగొస్తుంది. వీబ్రెన్‌ని ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఎరుగును. కుక్క పేరు బోలె, అంటే బన్ను. రంగు కూడా అదే.

గేస్కె చుక్కాని దగ్గర నుంచి తలెత్తి చూసింది. "ఏంరా అబ్బాయ్, మెడలో అదేంటి?"

"బంగాళాదుంపలు."

"ఎందుకూ?"

"బరువు అలవాటు చేసుకుంటున్నానండీ. కెమెరా కొంటున్నా. మిమ్మల్నీ పడవనీ ఫోటో తీస్తాను."

గేస్కె చుక్కాని కాస్త తిప్పింది. పడవ వంతెన కిందికి వచ్చేసింది. "దుంపలు ఉడకేసుకుని తిను. కెమెరా కొన్నాక చెప్పు," అని దాటిపోయింది.

ఆ తర్వాత ప్రతి గురువారం ఒకటే మాట. "కొన్నావా?" "ఇంకా లేదండీ." "సరే." కొన్నాళ్లకి ఆమె నోరు విప్పి అడగడం కూడా మానేసి గడ్డం ఎగరేసేది. వీబ్రెన్ తల అడ్డంగా ఊపేవాడు. మధ్యలో వంతెన లేచి దిగేది.

కెమెరా కొనలేదు గానీ మిగతావన్నీ కొంటూనే ఉన్నాడు. మే నెలలో కెమెరా సంచీ కొన్నాడు, తగ్గింపు ధర ఆదివారంతో అయిపోతుందని. జూన్‌లో ట్రైపాడ్ కొన్నాడు. మూడు కాళ్ల ఆ స్టాండు కేబిన్ మూల నిలబడి కోటు తగిలించుకోవడానికి బాగా పనికొచ్చింది. ఆ తర్వాత లెన్స్ ముందు బిగించే గాజు బిళ్ల, ఇంకా కొనని లెన్స్ కొలతకి. ఆ వారం మనసు లావుదాని మీదికి మళ్లింది కాబట్టి లావుదానికి సరిపడే రెండో బ్యాటరీ, లావుది మాత్రమే మింగే ఖరీదైన మెమరీ కార్డు. దుమ్ము ఊదే రబ్బరు బుడగ. వాన తొడుగు. ఆ తొడుగుని ఆఫ్కె తన సైకిల్ సీటుకి తొడిగేసింది.

"ఊయల వచ్చింది, ఉగ్గుగిన్నె వచ్చింది, బట్టలు వచ్చాయి," అంది ఆమె ఒకరోజు సంచీని సర్దుతూ. "బిడ్డ ఎప్పుడు?"

"తొందరపడితే మోసపోతాం, ఆఫ్కె."

"తొందరా? నా దగ్గర జనవరిలో చేరి, నీళ్లు చూస్తే ఏడ్చినవాళ్లు ఇప్పుడు తలకిందులుగా దూకుతున్నారు."

జూలై చివర పందేలకి పోయే పాత తెరచాప పడవలు పద్నాలుగు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గోధుమరంగు తెరచాపలు, నూనె పట్టించిన కొయ్య, పడవల మీద నిలబడి చేతులూపుతున్న జనం. వంతెన ముప్పావుగంట లేచే ఉంది. గట్టు మీద ఊళ్లోవాళ్లందరూ ఫోన్లతో ఫోటోలు తీస్తున్నారు. వీబ్రెన్ జేబులోనూ ఫోన్ ఉంది. తియ్యలేదు. ఆరు నెలలు ఫుల్ ఫ్రేమ్ గురించి అందరికీ చెప్పిన మనిషి ఇప్పుడు ఫోన్ ఎత్తితే నలుగురూ చూస్తారు కదా. పడవలన్నీ వెళ్లిపోయాక కేబిన్‌లోకి వచ్చి చూస్తే, నోటుపుస్తకం "కదిలే వస్తువులను ఎంత వేగంగా పట్టుకుంటుంది" అన్న పేజీ దగ్గర తెరిచి ఉంది. వీబ్రెన్ దాన్ని మూసి, దానిమీద కాఫీ కప్పు పెట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసిందని చెప్పాలి. మర్నాడు మళ్లీ తెరిచాడు.

సెప్టెంబరు మూడో గురువారం గేస్కె గడ్డం ఎగరెయ్యలేదు. ఇంజను తగ్గించి, వంతెన పక్క కొయ్య స్తంభాలకి పడవని ఆనించింది.

"అబ్బాయ్, పడవ అమ్మేశాను. హ్రోనింగెన్ వాళ్లెవరో మొగుడూపెళ్లాం కొన్నారు. నా మోకాళ్లు నిచ్చెన దిగనంటున్నాయి. పై గురువారం దాన్ని వాళ్లకి అప్పజెప్పడానికి పోతున్నా. ఇటు రావడం అదే ఆఖరు."

వీబ్రెన్ మీట మీద నుంచి చెయ్యి తీశాడు. "ఎక్కడ ఉంటారు మరి?" అన్నాడు.

"పట్నంలో కింది అంతస్తులో ఒక ఇల్లు దొరికింది. కుక్కని ఒప్పుకున్నారు." ఇంజను మళ్లీ పెంచుతూ, "నీ కెమెరా సంగతి నేనింక అడగను," అంది.

ఎగతాళికి అనుంటే బాగుండేది. మామూలుగానే అంది.

సోమవారం అతనికి సెలవు. లేవార్డెన్ నగరానికి వెళ్లాడు. కెమెరాల దుకాణంలో ముప్పై ఏళ్ల అమ్మాయి ఉంది, చొక్కా మీద నింకె అని పేరుంది. వీబ్రెన్ నోటుపుస్తకం బల్లమీద పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆమె ఓపిగ్గా జవాబు చెప్పింది. పదకొండో ప్రశ్న దగ్గర మెల్లిగా పుస్తకం మీద చెయ్యి వేసింది.

"ఏమీ అనుకోకండి. నేనొకటి అడగనా? మీరు దేన్ని ఫోటో తీస్తారు?"

ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న ఏ వీడియోలోనూ అతన్ని ఎవరూ అడగలేదు. "ఒక పెద్దావిడ," అన్నాడు. "పడవ మీద. ఒక కుక్క. గురువారం పొద్దున పదింటికి."

"ఎంత దూరం నుంచి?"

"వంతెన పక్క నుంచి. మీకూ ఆ తలుపుకీ ఉన్నంత."

"అయితే ఈ మూడింటిలో ఏదైనా సరిపోతుంది. చేతిలో పట్టుకుని చూడండి."

పట్టుకున్నాడు. లావుది చేతికి రాయిలా ఉంది. అన్ని వారాలు దుంపలు మోసినా లాభం లేకపోయింది. సోకులది నిజంగానే జారింది. బక్కది చేతిలో పెట్టగానే వేళ్లు వాటంతటవే చుట్టుకున్నాయి. కంటి దగ్గర పెట్టుకుంటే దుకాణం అద్దంలోంచి వీధి, వీధిలో సైకిలు తుడుచుకుంటున్న ఒకావిడ, ఆమె చేతిలో గుడ్డ కనిపించాయి. అతనికి సిగ్గేసింది. ఫిబ్రవరిలో చూసిన మొదటి రోజే జాబితాలోంచి కొట్టేసింది దీన్నే.

పదమూడు వందల యూరోలు, యాభై మిల్లీమీటర్ల లెన్స్‌తో కలిపి. "కార్డు ఉందా?" అని అడిగింది నింకె.

"ఉంది, చాలా వేగమైనది," అన్నాడు వీబ్రెన్. ఆ దుకాణంలో అతను తడుముకోకుండా చెప్పిన ఒకే ఒక్క జవాబు అది. అదే తప్పు.

బుధవారం సాయంత్రం దాన్ని కెమెరాలో పెడదామని చూస్తే అది పట్టే సందే లేదు. లావుదాని కార్డు లావుదానికే. గాజు బిళ్ల లెన్స్ కంటే వేలెడు వెడల్పుంది. రెండో బ్యాటరీ లోపలికి పోనే పోదు. బల్లమీద ఇవన్నీ వరసగా పెట్టుకుని కూర్చున్న మొగుణ్ణి చూసి ఆఫ్కెకి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. నవ్వేసింది. అరమరలో వెతికి, పన్నెండేళ్ల కిందట సెలవుల్లో వాడిన తన బుల్లి కెమెరా లోంచి కార్డు ఊడదీసి ఇచ్చింది.

"ఇది పడుతుందా?"

పట్టింది. అరవయ్యో డెబ్బయ్యో ఫోటోలకి చోటుంది.

గురువారం పది కావస్తుండగా కూత వినిపించింది. వీబ్రెన్ ఎర్రదీపం పెట్టాడు, గేట్లు దించాడు, వంతెన ఎత్తాడు. కెమెరా మెడలో ఉంది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. పడవ దాటేటప్పుడు తను మీటల దగ్గరే ఉండాలి. పడవ దగ్గరికొచ్చేసరికి కేబిన్ కిటికీ లోంచి కనిపించేది చుక్కాని గది పైకప్పు మాత్రమే. ఫోటో తియ్యాలంటే కింద గట్టు మీదికి పోవాలి. బరువు, ధర, బ్యాటరీ, గాజు, దుమ్ము అన్నీ చూసుకున్నవాడు, తను తీస్తుంటే వంతెన ఎవరు చూస్తారన్నది చూసుకోలేదు.

ఇరవై ఆరేళ్లలో చెయ్యని పని చేశాడు. వంతెనని లేచినదాన్ని లేచినట్టే వదిలి, కేబిన్ తాళం వేసి, మెట్లు దిగాడు.

"గేస్కె! కాస్త ఆపండి!"

ఆమె అతని మెడ వైపు చూసింది. ఇంజను వెనక్కి తిప్పి, పడవని స్తంభాలకి ఆనించింది. టోపీ తీసి, వేళ్లతో జుట్టు సర్దుకుని, మళ్లీ టోపీ పెట్టుకుంది. "ఎక్కడ చూడాలి?"

"నన్ను చూడండి. ఎప్పుడూ చూసినట్టే."

కుక్క చుక్కాని గది కిటికీ గట్టెక్కి ఆమె భుజం పక్కన కూర్చుంది. వీబ్రెన్ కెమెరా మీట నొక్కాడు. నాలుగు తీసేసరికి కెమెరా నిలిచిపోయింది. పాత కార్డు నెమ్మదిగా మింగుతోంది. ఎర్ర చుక్క వెలుగుతూ ఉంది, అందరూ ఎదురుచూశారు. గేట్ల దగ్గర పాల ట్యాంకరు ఆగింది, దాని వెనక కార్లు. ట్యాంకరు నడిపే హార్మెన్ కిందికి దిగి కమ్మీల మీదికి వంగాడు.

"ఏంటి వీబ్రెన్, చెడిపోయిందా?"

"లేదు. బాగానే ఉంది."

"మరేంటి?"

"ఫోటో తీస్తున్నా."

హార్మెన్ గడియారం చూసుకున్నాడు, కింద పడవని చూశాడు. "గేస్కె, అమ్మేశావటగా?" అన్నాడు.

"అమ్మేశా."

"మా నాన్న నీ మొగుడి దగ్గర పనిచేశాడు ఈ పడవ మీద. అప్పుడు ఆకుపచ్చ రంగు ఉండేది."

"రెండు పూతల కింద ఇప్పటికీ ఆకుపచ్చే ఉంది," అంది గేస్కె. అలా అంటూ ముఖం కొద్దిగా పక్కకి తిప్పింది. ఎర్ర చుక్క ఆరింది. వీబ్రెన్ ఇంకో అయిదు తీశాడు.

"చాల్లే," అంది ఆమె. "హార్మెన్ పాలు విరుగుతాయి." ఇంజను పెంచింది. పడవ కదిలి, వంతెన కింద నుంచి జరిగి, వంపు తిరిగింది. చెయ్యి ఊపలేదు, ఎప్పుడూ ఊపదు. వీబ్రెన్ మెట్లెక్కి వంతెన దించాడు. మొత్తం పదకొండు నిమిషాలు. ఆలస్యానికి కారణం రాయమని ఆఫీసు కాగితం పంపితే "ఫోటో" అని రాశాడు. దానికి జవాబు రాలేదు.

ఇంటికొచ్చి తొమ్మిది ఫోటోలూ పెద్ద తెర మీద చూశాడు. బోలె మీసాలు లెక్కపెట్టొచ్చు. ముక్కు మీద తడి మెరుస్తోంది. దాని పక్కన గేస్కె మంచులో నిలబడినట్టు మసకగా ఉంది. తొమ్మిదింటిలోనూ అంతే. తర్వాత తెలిసింది. పక్షుల వీడియో ఏదో చూసి, ముందు జంతువుల కళ్లనే వెతికి పట్టుకొమ్మని అతనే కెమెరాకి చెప్పి పెట్టాడు. అది చెప్పినట్టు చేసింది.

ఆఫ్కె చాలాసేపు చూసింది. ఆ రోజు ఎగతాళి చెయ్యలేదు. "ఈ ఆరోది అచ్చు వేయించు. ముఖం తిప్పినది," అంది.

అక్టోబరులో ఆ ఫోటో చట్రం కట్టించుకుని, తియ్యరొట్టె ఒకటి కొనుక్కుని గేస్కె కొత్త ఇంటికి వెళ్లాడు. దారిపొడుగునా క్షమాపణ మాటలు కూర్చుకున్నాడు. ఇల్లు శుభ్రంగా, వెచ్చగా ఉంది. పడవలోలాగా ఏదీ కదలదు. గేస్కె కళ్లజోడు పెట్టుకుని, చట్రం ఒళ్లో పెట్టుకుంది.

"బోలె బాగా పడ్డాడు."

"మీరే సరిగా రాలేదండీ. తప్పు నాదే. కెమెరాది కాదు. అందులో ఒక ఏర్పాటు ఉంది, దాన్ని నేను..."

"అబ్బాయ్, కెమెరా గురించి చెప్పకు." వేలితో ఫోటోలో తన చెయ్యి తాకింది. మసకలో కూడా ఆ చెయ్యి చుక్కాని మీద ఉన్నట్టు తెలుస్తోంది. "నలభై ఒక్కేళ్లు ఆ పడవ మీద ఉన్నా. దాని మీద నేనుండగా తీసిన ఫోటో ఒక్కటి లేదు నా దగ్గర. ఆయన్ని నేను తీసేదాన్ని. నన్నెవరూ తియ్యలేదు."

వీబ్రెన్ కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. టీ తాగాడు. రొట్టె మీద వెన్న రాసి ఆమె రెండు ముక్కలు ఇచ్చింది, మూడోది బోలె తిన్నాడు. కాలువలో నీళ్లు తగ్గిన సంగతి, కొత్తవాళ్లు పడవకి తెల్ల రంగు వేస్తున్నారన్న సంగతి మాట్లాడుకున్నారు. తెల్ల రంగు మాట వచ్చినప్పుడు గేస్కె కిటికీ వైపు చూసింది. వీబ్రెన్ ఇంకో కప్పు టీ అడిగాడు, తాగాలని లేకపోయినా.

వారం తిరిగాక ఆమె ఫోన్ చేసింది. గోడ మీద బోలెని చూసి పక్కింటావిడ తన పిల్లిని తియ్యమంటోందట, దానికి పదహారేళ్లట, ఎక్కువ కాలం ఉండదట. ఆదివారం వస్తానన్నాడు వీబ్రెన్. ఫోన్ పెట్టేసి, పిల్లులకి ఏ లెన్స్ మంచిదో చూద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. స్వీడన్ గడ్డపాయన దానిమీద గంటన్నర వీడియో చేసి ఉంచాడు. పావుగంట చూశాక వీబ్రెన్ లేచి, కంప్యూటరు కట్టేసి, ఆఫ్కెకి గిన్నెలు తుడవడంలో సాయం చెయ్యడానికి వెళ్లాడు.

ఆదివారం ఉన్న లెన్స్‌తోనే వెళ్లాడు. పిల్లి అతన్ని చూడగానే మంచం కిందికి దూరింది. యాభై ఏడేళ్ల మనిషి మరొకరి ఇంట్లో నేలమీద బోర్లా పడుకుని, పక్కింటావిడ చెప్పుల మధ్య నుంచి గంటసేపు తీశాడు. పన్నెండు ఫోటోల్లో రెండు బాగా వచ్చాయి.